పైథాన్ ‘ఈమెయిల్’ ప్యాకేజీ: తెలుగు మెయిళ్ళకు ఎంతవరకు నమ్మవచ్చు?

బెంగళూరులో ఏ హెల్ప్‌డెస్క్ ఇన్‌బాక్స్ తెరిచినా కన్నడం, తెలుగు, తమిళం, హిందీ, ఇంగ్లీషు కలగలిసి ఉంటాయి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నోటీసుల నుంచి జీతం స్లిప్పుల దాకా, పంపేవాళ్ళు ఒక భాషలో రాస్తే జవాబు ఇంకో భాషలో వస్తుంది. ఈ మెయిళ్ళను విప్పి టికెట్లుగా మార్చాలన్నా, తిరిగి కట్టి పంపాలన్నా చాలా టీములు ముందుగా చేయి వేసేది పైథాన్‌తోపాటు ఉచితంగా వచ్చే ‘ఈమెయిల్’ ప్యాకేజీ మీదే. విడిగా ఇన్‌స్టాల్ చేయాల్సిన పని లేదు, లైసెన్సు ఖర్చు లేదు. భారతీయ లిపుల మెయిళ్ళతో అది ఎలా నడుస్తుందో చెప్పడానికే ఈ రివ్యూ.

తీర్పు ముందే చెప్పేస్తే: మెయిల్ కట్టే పనికి ఐదుకు నాలుగు, విప్పే పనికి మూడున్నర. పునాది గట్టిది. కానీ ఏమీ చెప్పకుండా వదిలేస్తే అది తీసుకునే నిర్ణయాలు ఇంగ్లీషు మెయిళ్ళకు సరిపోతాయి, తెలుగుకు సగమే సరిపోతాయి. ఆ మిగతా సగం మనమే చెప్పాలి.

మొట్టమొదట పాలసీ సంగతి, అంటే మెయిల్‌ను ఎలా చదవాలో, ఎలా రాయాలో చెప్పే నియమాల సెట్టింగ్. ఈ ప్యాకేజీలో రెండు తరాలు పక్కపక్కనే బతుకుతున్నాయి. పాత తరం పేరు ‘కంపాట్32’. కొత్తది ‘పాలసీ డాట్ డిఫాల్ట్’, 3.6 వెర్షన్ నుంచి పూర్తి స్థాయిలో స్థిరపడింది. పేరులో డిఫాల్ట్ అని ఉన్నా, ‘మెసేజ్ ఫ్రమ్ బైట్స్’ ఫంక్షన్‌ను ఉత్తినే పిలిస్తే దక్కేది పాత తరమే. కొత్తది కావాలంటే పాలసీ ఆర్గ్యుమెంట్‌లో దాన్ని విడిగా రాయాలి. ఇది రాయకపోతే ‘గెట్ బాడీ’, ‘ఇటర్ అటాచ్‌మెంట్స్’ లాంటి మంచి మెథడ్లు అసలు ఉండవు. అంతకంటే తిప్పలు పెట్టేది ఇంకొకటి ఉంది. కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు సబ్జెక్టులో తెలుగును ఎన్‌కోడ్ చేయకుండా పచ్చి బైట్లుగానే పంపేస్తాయి. పాత పాలసీలో అలాంటి సబ్జెక్టు అడిగితే మామూలు స్ట్రింగ్‌కు బదులు హెడర్ (సబ్జెక్టు, పంపినవారు లాంటి మెయిల్ పై లైను) ఆబ్జెక్టు చేతికొస్తుంది. దాని మీద ‘లోయర్’ పిలవగానే ప్రోగ్రాం పడిపోతుంది. కొత్త పాలసీ అదే సబ్జెక్టును యూటీఎఫ్-8గా (యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) చదివి చక్కటి స్ట్రింగ్ ఇస్తుంది. ఈ ఒక్క తేడా చాలు, పాత తరాన్ని కొత్త కోడ్‌లోకి రానివ్వకపోవడానికి.

ఇన్‌పుట్ ఎప్పుడూ బైట్లుగానే ఇవ్వాలి. ఫైలును టెక్స్ట్ మోడ్‌లో తెరిచి ‘మెసేజ్ ఫ్రమ్ స్ట్రింగ్’కు అందిస్తే, 8-బిట్‌లో, అంటే ఎన్‌కోడ్ చేయని బైట్లుగా వచ్చిన బాడీ (మెయిల్ లోపలి పాఠం) పార్సర్ (మెయిల్‌ను విప్పే కోడ్) దాకా చేరకముందే పాడైపోతుంది. తర్వాత ఏ పాలసీ పెట్టినా అది బాగుపడదు.

సబ్జెక్టు లైను లోపల ఏం జరుగుతుందో తెలిస్తే సగం ఫిర్యాదులకు కారణం దొరుకుతుంది. తెలుగు యూనికోడ్ గుర్తు ఒక్కోటి యూటీఎఫ్-8లో 3 బైట్లు. ఇక్కడ గుర్తు అంటే కంటికి కనిపించే అక్షరం అనుకోకూడదు: ‘నమస్కారం’లో గుణింతం, పొల్లు, సున్న అన్నీ విడిగా లెక్కేస్తే 8 గుర్తులు, 24 బైట్లు. బైట్లను మామూలు ఇంగ్లీషు అక్షరాలుగా రాసే పద్ధతులు రెండు: బేస్64లో అది 32 అక్షరాలు, కోటెడ్-ప్రింటబుల్‌లో 72. ఇక 1996 నాటి ఆర్ఎఫ్‌సీ 2047 (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) ప్రకారం హెడర్‌లో ఒక్కో ఎన్‌కోడ్ ముక్క 75 అక్షరాలు దాటకూడదు. అందులో క్యారెక్టర్ సెట్ (యూటీఎఫ్-8 లాంటిది) పేరుకు, ముందూ వెనకా గుర్తులకు 12 పోతే, నాలుగేసి లెక్కన బేస్64కు మిగిలేది 60. అంటే 45 బైట్లు, సరిగ్గా 15 తెలుగు గుర్తులు.

15 దాటితే ముక్కలు చేయక తప్పదు. అక్షరం మధ్యలో కోయకూడదని అదే నియమం చెబుతుంది. ఆ నియమం పట్టని సాఫ్ట్‌వేర్ 45 బైట్ల దగ్గర కళ్ళు మూసుకుని కోస్తుంది. ‘ఉగాది శుభాకాంక్షలు’ తీసుకోండి. 17 తెలుగు గుర్తులకు 51 బైట్లు, ఖాళీకి ఒకటి, మొత్తం 52. ఆ ఖాళీ లేకపోతే మూడేసి బైట్ల లెక్క కుదిరి కోత సరిగ్గా అక్షరం అంచున పడేది. ఖాళీ ఒక్క బైటే కాబట్టి లెక్క తప్పి, కోత ‘ష’ మధ్యలో పడుతుంది: రెండు బైట్లు మొదటి ముక్కలో, ఒకటి రెండో ముక్కలో. ఒక్కో ముక్కను విడిగా డీకోడ్ చేసే మెయిల్ యాప్‌లో అక్కడ ప్రశ్నార్థకాల డబ్బాలు కనిపిస్తాయి. ఒకే మాట ఉన్న సబ్జెక్టుతో టెస్ట్ చేసినప్పుడు బాగుండి, పండగ శుభాకాంక్షలు పంపినప్పుడే తెలుగు విరిగిపోవడానికి కారణం ఇదే. పైథాన్ సబ్జెక్టును కట్టేటప్పుడు బైట్ల దగ్గర కోయదు, యూనికోడ్ గుర్తుల హద్దు చూసే కోస్తుంది. చదివేటప్పుడు కూడా పాత ‘డీకోడ్ హెడర్’ ఫంక్షన్, ఒకే క్యారెక్టర్ సెట్‌తో పక్కపక్కనే ఉన్న ముక్కల బైట్లను ముందు అతికించి ఇస్తుంది కాబట్టి, వేరేవాళ్ళు చెడగొట్టిన ‘ష’ కూడా నిలబడుతుంది. ఈ విషయంలో ప్యాకేజీకి పూర్తి మార్కులు.

బాడీ దగ్గరికొస్తే మార్కులు తగ్గుతాయి. ‘సెట్ కంటెంట్’కు తెలుగు పాఠం ఇచ్చి ఎన్‌కోడింగ్ సంగతి చెప్పకపోతే, అదే ఒకటి ఎంచుకుంటుంది. లైన్లన్నీ 78 బైట్ల లోపు ఉంటే, అంటే దాదాపు 26 తెలుగు గుర్తుల లోపు, 8-బిట్‌గా వదిలేస్తుంది. ఒక్క లైను అంతకు మించినా, మొదటి పది లైన్లను మాత్రమే రుచి చూసి, బేస్64, కోటెడ్-ప్రింటబుల్‌లలో ఏది చిన్నదైతే అది తీసుకుంటుంది. హెచ్‌టీఎంఎల్ టెంప్లేట్లు ఇక్కడే దెబ్బతింటాయి. పై పది లైన్లలో డాక్‌టైప్, హెడ్, స్టైల్ ఉంటాయి, అంతా ఇంగ్లీషే. దాన్ని చూసి కోటెడ్-ప్రింటబుల్ ఎంచుకుంటుంది. కింద ఉన్న తెలుగంతా గుర్తుకు 4 అక్షరాలతో పోయేది, 9 అక్షరాలకు ఉబ్బుతుంది. మెయిల్ పాడవదు, చదవడానికి బాగానే ఉంటుంది. తెలుగు భాగం సైజు మాత్రం రెట్టింపు దాటుతుంది. వేల మందికి ఒకేసారి పంపేవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

8-బిట్‌తో ఇంకో చిక్కు. మెయిల్ పంపే పైథాన్ మాడ్యూల్ ‘ఎస్ఎంటీపీలిబ్’లోని ‘సెండ్ మెసేజ్’ మామూలు అడ్రస్‌లకు పంపేటప్పుడు 8-బిట్ బాడీ వస్తోందని సర్వర్‌కు తనంతట తాను ప్రకటించదు. ఈ రోజుల్లో ఎక్కువ సర్వర్లు పట్టించుకోవు గానీ, ఆఫీసు లోపలి పాత రిలేలు (మెయిల్‌ను ముందుకు పంపే సర్వర్లు) అన్నీ అలా ఉండవు. అందుకని తెలుగు, కన్నడ మెయిళ్ళకు ప్రతిసారీ ‘సీటీఈ’ (ఎన్‌కోడింగ్ పద్ధతి చెప్పే) ఆర్గ్యుమెంట్‌లో బేస్64 అని రాసేయడమే క్షేమం. ఒక్క మాటతో పై రెండు సమస్యలూ తీరిపోతాయి.

మెయిల్ కట్టే వరుస ఇలా ఉండాలి. ముందు ‘సెట్ కంటెంట్’తో మామూలు పాఠం. తర్వాత ‘యాడ్ ఆల్టర్నేటివ్’తో హెచ్‌టీఎంఎల్. లోగో లాంటి బొమ్మలుంటే, హెచ్‌టీఎంఎల్ భాగం మీద ‘యాడ్ రిలేటెడ్’. అన్నిటికీ చివర ‘యాడ్ అటాచ్‌మెంట్’. వరుస మార్చి అటాచ్‌మెంట్ ముందు పెడితే, హెచ్‌టీఎంఎల్ కలిపేటప్పుడు వాల్యూ ఎర్రర్ వస్తుంది, మిక్స్‌డ్‌ను ఆల్టర్నేటివ్‌గా మార్చలేనని చెబుతుంది. బొమ్మ ఐడీ కోసం ‘మేక్ మెసేజ్ ఐడీ’ వాడితే అది కోణపు బ్రాకెట్లతో సహా ఇస్తుంది. హెడర్‌లో అవి ఉండాలి, హెచ్‌టీఎంఎల్‌లో మాత్రం తీసేయాలి. బొమ్మ రాలేదన్న ఫిర్యాదు వస్తే మొదట చూడాల్సిన చోటు ఇదే. పీడీఎఫ్‌ను బైట్లుగా ఇచ్చేటప్పుడు మెయిన్ టైప్, సబ్ టైప్ రెండూ రాయాలి, లేకుంటే టైప్ ఎర్రర్.

అటాచ్‌మెంట్ సైజు కూడా ముందే లెక్క చూసుకోవాలి. బేస్64లో 57 బైట్లు ఒక లైనుకు 76 అక్షరాలవుతాయి, లైను ముగింపుకు ఇంకో 2. మొత్తమ్మీద 37 శాతం దాకా పెరుగుతుంది. మెయిల్ మొత్తానికి 25 మెగాబైట్ల హద్దున్న సర్వర్‌లో 18 మెగాబైట్ల ఫైలు అంచు మీద నిలబడుతుంది, 19 వెనక్కి వస్తుంది.

ఫైలు పేర్లు తెలుగులో ఉంటే? ‘జీతం రసీదు మార్చి’ అని పేరు పెట్టిన పీడీఎఫ్‌కు 15 తెలుగు గుర్తులు, రెండు ఖాళీలు, ఎక్స్‌టెన్షన్. ఆర్ఎఫ్‌సీ 2231 పద్ధతిలో పర్సెంట్ గుర్తులతో రాస్తే అది 145 అక్షరాలవుతుంది, ఒక లైనులో పట్టదు. పైథాన్ దాన్ని సున్నా, ఒకటి అని నంబర్లు వేసి ముక్కలుగా రాస్తుంది. ప్రమాణం ప్రకారం అది సరైనదే. అయితే ఆ పద్ధతి తెలియని పాత మెయిల్ ప్రోగ్రాములు ఫైలుకు పేరే లేదనుకుంటాయి. బయటి సంస్థలకు పంపే ఫైళ్ళకు పేరు చిన్నగా ఇంగ్లీషులో ఉంచి, తెలుగు శీర్షికను మెయిల్ లోపల రాయడం మేలు. ఇది భాష మీద చిన్నచూపు అనుకోవద్దు. ఉద్యోగి చేతికి రసీదు అందడం ముఖ్యం. వచ్చే మెయిళ్ళలో దీనికి విరుద్ధమైన తప్పు కనిపిస్తుంది: సబ్జెక్టుకు వాడే ఎన్‌కోడ్ ముక్కను తెచ్చి ఫైలు పేరు కొటేషన్ల మధ్య పెడతారు. నియమం ఒప్పుకోదు గానీ ఎంతోమంది చేస్తున్న పనే. కొత్త పాలసీ దాన్ని విప్పి పేరు ఇస్తుంది, పక్కన లోపం ఉందని నమోదు చేస్తుంది. పాత పాలసీలో ‘గెట్ ఫైల్‌నేమ్’ ఆ ముక్కను అలాగే విప్పకుండా చేతిలో పెడుతుంది.

విప్పే పనిలో అసలు గండం క్యారెక్టర్ సెట్ రాయని మెయిళ్ళు. ‘గెట్ కంటెంట్’ అలాంటిచోట ఆస్కీ (ఇంగ్లీషు అక్షరాలకే సరిపోయే పాత సెట్) అని అనుకుని, అర్థంకాని ప్రతి బైటుకూ ఒక ప్రశ్నార్థకపు డబ్బా పెడుతుంది. ఒక్కో తెలుగు గుర్తుకు మూడు డబ్బాలు. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ ఉండదు, టికెట్‌లో చెత్త చేరిపోతుంది. ఇంకో రకం: ఉనికిలో లేని క్యారెక్టర్ సెట్ పేరు రాసి పంపేవాళ్ళు. అక్కడ లుకప్ ఎర్రర్ వచ్చి పని ఆగిపోతుంది. రెండింటికీ మందు ఒకటే. ముందు ‘గెట్ కంటెంట్ క్యార్‌సెట్’ అడగండి. జవాబు లేకపోయినా, పైథాన్‌కు తెలియని పేరైనా, ‘గెట్ పేలోడ్’ను డీకోడ్ ఆర్గ్యుమెంట్‌తో పిలిచి బైట్లు తీసుకుని, యూటీఎఫ్-8తో కచ్చితంగా డీకోడ్ చేసి చూడండి. అదీ కుదరకపోతే ఆ మెయిల్‌ను మనిషి చూసే వరుసలోకి పంపాలి, ఊహించి నింపకూడదు.

‘గెట్ బాడీ’ మామూలుగా హెచ్‌టీఎంఎల్‌కే పెద్దపీట వేస్తుంది. టికెట్లకు మామూలు పాఠం కావాలంటే ప్రిఫరెన్స్ లిస్టులో ప్లెయిన్ ముందు రాయాలి. అది నన్ (ఏమీ లేదు అనే విలువ) తిరిగి ఇవ్వవచ్చు, ఖాళీ భాగాన్నీ ఇవ్వవచ్చు, రెండూ చూసుకోవాలి. అటాచ్‌మెంట్ల కోసం ‘వాక్’ వాడే అలవాటు మానుకోవాలి. ఎవరైనా ఒక మెయిల్‌ను అటాచ్‌మెంట్‌గా పంపితే ‘వాక్’ దాని లోపలికీ దిగిపోయి, లోపలి మెయిల్ ఫైళ్ళను బయటి మెయిల్‌వి అన్నట్టు కలిపేస్తుంది. ‘ఇటర్ అటాచ్‌మెంట్స్’ ఆ గడప దాటదు.

వెనక్కొచ్చిన మెయిళ్ళను చదివే కోడ్ రాసేవాళ్ళకు ఒక హెచ్చరిక. డెలివరీ స్టేటస్ భాగం మీద ‘గెట్ కంటెంట్’ పిలిస్తే మొదటి హెడర్ల గుంపు మాత్రమే వస్తుంది. ఏ అడ్రస్‌కు పోలేదు, స్టేటస్ ఏమిటి అన్నవి రెండో గుంపు నుంచి మొదలవుతాయి. ‘గెట్ పేలోడ్’ ఇచ్చే లిస్టులో వాటిని వెతకాలి.

భద్రత విషయంలో కొత్త పాలసీ మెచ్చుకోదగ్గది. వెబ్ ఫారంలో ఎవరైనా సబ్జెక్టులో లైను మార్పు గుర్తు దూర్చి దొంగ హెడర్ చేర్చబోతే, దాన్ని పెట్టేటప్పుడే వాల్యూ ఎర్రర్‌తో ఆపేస్తుంది. హెడర్లు రాసే దశలో మిగిలిన ఒక కంత 2024లో బయటపడింది. 3.13లో రాసిన హెడర్లను మళ్ళీ సరిచూసే సెట్టింగ్ చేర్చి దాన్ని పూడ్చారు, పాత వెర్షన్ల భద్రతా విడుదలల్లోకీ ఆ మార్పు వెళ్ళింది. అందుకని మీ సర్వర్‌లో ఉన్నది ఏ సబ్ వెర్షనో ఓసారి చూసుకోండి.

బెంగళూరు బ్యాక్ ఆఫీసుల్లో జావా వాడేవాళ్ళూ ఉంటారు కాబట్టి ఒక మాట. జావాలోని మెయిల్ లైబ్రరీ జకార్తా మెయిల్ కూడా ఈ పనులన్నీ చేస్తుంది. కానీ ‘సెట్ సబ్జెక్ట్’లో క్యారెక్టర్ సెట్ రాయకపోతే మెషీన్ డిఫాల్ట్ తీసుకుంటుంది, జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్) 18కి ముందు అది ఒక్కో సర్వర్‌లో ఒక్కోలా ఉండేది. ఇప్పటికే జావాలో ఉన్న టీము దీనికోసం పైథాన్‌కు మారనక్కర్లేదు, ప్రతిచోటా యూటీఎఫ్-8 అని రాస్తే చాలు.

ఈ ప్యాకేజీ చేయని పనులూ ఉన్నాయి. అవుట్‌లుక్ నుంచి కొన్నిసార్లు వచ్చే ‘విన్‌మెయిల్ డాట్ డీఏటీ’ (winmail.dat) ఫైలును అది విప్పదు, దానికి వేరే లైబ్రరీ కావాలి. డిజిటల్ సంతకం ఉన్న మెయిల్‌ను విప్పి మళ్ళీ రాస్తే పొడుగు హెడర్లను కొత్తగా మడతపెడుతుంది. ఒక్క బైటు మారినా సంతకం చెల్లకుండా పోయే అవకాశం ఉంది. ‘రీఫోల్డ్ సోర్స్’ను ‘నన్’ అనే స్ట్రింగ్‌గా పెడితే ఆ మడతలు చాలావరకు ఆగుతాయి. సంతకం సరిచూడాల్సిన మెయిళ్ళకు మాత్రం సర్వర్ నుంచి వచ్చిన బైట్లను వచ్చినవి వచ్చినట్టే ఒక ఫైలులో దాచి, పార్సింగ్‌కు దాని నకలు ఇవ్వాలి.