రొట్టె తూకం తెలిసిన ప్రేమ నవలలు: విజయనగరంలో ఒక అద్దె పుస్తకాల కొట్టు

విజయనగరం గంటస్తంభానికి దగ్గర్లో ఉన్న ఈ అద్దె పుస్తకాల కొట్టులో రష్యా నవలలకి విడిగా ఒక బీరువా ఉంది. పై రెండు అరల నిండా రెండో ప్రపంచ యుద్ధం నాటి ప్రేమ కథలే. డిపాజిట్టు 200 రూపాయలు, పది రోజులకి అద్దె 20. జర్మనీ సైన్యం సాగించిన 872 రోజుల ముట్టడిలో లెనిన్‌గ్రాడ్ (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) జనం ఎలా ప్రేమించుకున్నారో, ఎలా ప్రాణాలు నిలుపుకున్నారో చదవాలనుకునేవాళ్ళు తప్పక చూడాల్సిన బీరువా ఇది. శ్రీకాకుళంలో కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో నెలకొల్పిన కథానిలయం కథలకి పెన్నిధి. నవల ఇంటికి తెచ్చుకుని తీరిగ్గా చదవాలంటే మాత్రం ఇక్కడికి రావాలి.

పుస్తకం తీసుకునే ముందు పది పేజీలు చదువుకోనివ్వడం ఈ కొట్టులో మెచ్చుకోవాల్సిన పద్ధతి. ఆ పది పేజీలూ మొదటివి వద్దు, 1941 చలికాలం వచ్చే చోట తెరవండి. రచయితకి విషయం తెలుసో లేదో అక్కడే తేలిపోతుంది. ఆ ఏడు నవంబరు 20 నుంచి డిసెంబరు 25 దాకా కార్మికులకి రోజుకి 250 గ్రాముల రొట్టె. గుమస్తాలకీ, పిల్లలకీ, ఇంటిపట్టున ఉన్నవాళ్ళకీ 125. మన బేకరీ బ్రెడ్డయితే ఆ తూకానికి నాలుగైదు ముక్కలొస్తాయి. వాళ్ళది సెల్యులోజు, పత్తిగింజల చెక్క లాంటివి కలిపిన తడి రొట్టె, బరువెక్కువ, ముక్క చిన్నది. రేషన్ కార్డు పోగొట్టుకుంటే మరొకటి దొరకడం దాదాపు కాని పని. అలాంటి రోజుల్లో తన వాటాలో సగం విరిచి ఇంకొకరి చేతిలో పెట్టడమంటే ఏమిటో మంచి నవల ఆ తూకంతోనే చెబుతుంది, వెన్నెలనీ మంచునీ అరువు తెచ్చుకోదు. చోడి అంబలి కొలిచి పంచుకున్న కరువు రోజుల గురించి పెద్దల నోట విన్న మన వైపు పాఠకులకి ఆ సన్నివేశం నేరుగా గుండెకి తగులుతుంది.

వివరం పట్టించుకోని నవలలూ ఇవే అరల్లో ఉన్నాయి. 1942 జనవరిలో నాయకుడు ట్రాము దిగి ప్రియురాలి ఇంటికి వచ్చాడా, ఆ పుస్తకం పక్కన పెట్టేయొచ్చు. కరెంటు లేక డిసెంబరులోనే ట్రాములు ఆగిపోయాయి. మళ్ళీ జనాన్ని ఎక్కించుకున్నది ఏప్రిల్ 15న. ముట్టడిలో ఉన్న నగరానికి దారిగా మిగిలిన లడోగా సరస్సు మంచు మీద తొలి లారీల వరస కదిలింది 1941 నవంబరు 22న. ఆ నెల మొదటివారంలోనే ప్రేమికుల్ని లారీలో సరస్సు దాటించిన రచయితని నమ్మక్కర్లేదు. ఉత్తరాలు కూడా చూడండి. సైనికులు రాసిన కాగితాన్నే ముక్కోణంగా మడిచి పంపేవారు. కవరు లేదు, తపాలా బిళ్ళ లేదు, సెన్సారువాళ్ళు విప్పి చదవాలి గనక అంటించడమూ లేదు. తాను ఏ ఊళ్ళో ఉన్నదీ రాయకూడదు, చిరునామాలో ఫీల్డ్ పోస్టు (సైన్యపు తపాలా) నంబరే. ఎక్కడున్నాడో తెలియని మనిషి కోసం ఎదురుచూడటంలోని బాధంతా ఆ నంబరు దగ్గరే ఉంది. దాన్ని వదిలేసి పల్లె పేరు రాయించేసిన నవలలో విరహం పండదు.

పేర్ల దగ్గర చాలామంది తడబడతారు. అలెగ్జాండరే సాషా, వాడే షూరా. మరియాని మాషా అంటారు. సూర్యనారాయణని ఇంట్లో సూరిబాబు అన్నట్టే. మధ్యలో ఇవానోవిచ్, ఇవానోవ్నా అని వచ్చేది తండ్రి పేరు. మొదటి యాభై పేజీల్లో వచ్చిన పేర్లు ఒక చీటీ మీద రాసుకుంటే తర్వాత వెనక్కి తిప్పే పని ఉండదు.

మాస్కో ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల పాత ప్రతులు దొరికితే ముందు అవే తీసుకోండి. దారంతో కుట్టిన బైండింగు కాబట్టి ఇన్నేళ్ళయినా నిలిచింది. కొత్త పేపర్‌బ్యాకులు జిగురుతో అంటించినవి. మన ఉక్కపోతకీ, చేతులు మారడానికీ జిగురు వదిలేసి పేజీలు ఊడిపోతున్నాయి. పాతవాటిలో దారం తెగితే ఏకంగా ఒక ఫారమే జారిపోతుంది. ఫారం అంటే సాధారణంగా 16 పేజీలు కాబట్టి పేజీ నంబర్లు 16, 32, 48 దాటే చోట్ల వరస చూసుకోండి. చివరి ఫారం మరీ ముఖ్యం.

సర్దడంలో మాత్రం శ్రద్ధ చాలదు. జార్ చక్రవర్తుల కాలం నాటి నవలలు యుద్ధం అరల్లోకి వచ్చేశాయి, జాబితా పుస్తకం లేదు. పేజీలు లేని ప్రతి తెలియక తీసుకెళితే మర్నాటికల్లా తిరిగివ్వండి, మారుస్తారు. పది రోజులూ ఉంచుకుని తెస్తే అద్దె తిరిగి రాదు.