చదవడం నేర్పించే టీచర్ల కోర్స్, 3.5 స్టార్లు

మా ఒకటో క్లాస్ పిల్లలు అక్షరాలన్నీ గడగడా అప్పజెప్తారు కానీ బోర్డు మీద మాట రాస్తే నోరు మెదపరు, అందుకే ఈ ఆన్‌లైన్ కోర్స్‌లో చేరా. శబ్దాల మాడ్యూల్ మాత్రం సూపర్ అండి, పుస్తకం తెరవకుండానే 'పలక'కి మూడు చప్పట్లు కొట్టించి, 'ప' తీసేసి 'న' పెడితే ఏమొస్తుందని అడగాలట, మావాడొకడు 'నలక!' అని అరిచి కన్ను నలుపుకున్నాడు 😄 కథ మధ్యలో ఆపి 'ఇప్పుడేమవుద్ది?' అని అడిగే వీడియో అయితే రెండుసార్లు చూశా. 2000లో వచ్చిన అమెరికా నేషనల్ రీడింగ్ ప్యానెల్ రిపోర్ట్ (చదవడం ఎలా నేర్పాలన్న పరిశోధనల మీద నిపుణులు ఇచ్చింది) గురించి బోలెడు స్లైడ్లు పెట్టి, గుణింతాలూ ఒత్తులూ మాత్రం పది నిమిషాల్లో లాగించేశారు, అసలు పిల్లలు ఆగిపోయేదే అక్కడ కదా. క్విజ్‌లు వేస్ట్. మనం పాఠం చెప్తుంటే చూసి ఇక్కడ తప్పు చేస్తున్నావ్ అని చెప్పేవాళ్లే లేరు.