పాత మీటర్లకు రెడీమేడ్ ప్రోబ్ కేబుల్ కొంటున్నారా? ముందు ఓమ్స్‌లో కొలిచి చూడండి

వాల్వుల కాలం నాటి వోల్ట్‌మీటర్లు, ఆసిలోస్కోపులు (సిగ్నల్ ఆకారాన్ని తెర మీద చూపేవి, పొట్టిగా స్కోపులు) బాగుచేసుకుని వాడేవాళ్లకు ఈ పోస్టు. ఆన్‌లైన్లో "రీప్లేస్‌మెంట్ ప్రోబ్ కేబుల్" (కొలిచే చోట ఆనించే మొన నుంచి మీటర్‌కు వెళ్లే తీగ) ఆర్డర్ పెట్టబోతుంటే కాస్త ఆగండి. నేను ఒకే అమ్మకందారు దగ్గర రెండు తెప్పించాను, రెండూ పనికిరానివే. డబ్బు పోతే పోయింది, నిక్షేపంలాంటి మీటర్‌ను నా చేతులతో నేనే తప్పుదారి పట్టించాను. నా ఏడుపంతా దాని గురించే.

మొదటిది వీటీవీఎం ప్రోబ్, అంటే వాల్వు వోల్ట్‌మీటర్‌ది. పాత కేబుల్ రబ్బరు పెళుసెక్కి పెచ్చులుగా రాలిపోతుంటే కొత్తది కొన్నాను. వచ్చింది చూడ్డానికి ముచ్చటగా ఉంది: మెత్తటి నల్ల కేబుల్, తళతళలాడే ప్లగ్, ప్రోబ్ మీద ఒకవైపు 'డీసీ', ఇంకోవైపు 'ఏసీ, ఓమ్స్' అని జరిపే స్విచ్. తగిలించి 9 వోల్టుల బ్యాటరీ కొలిచాను. డిజిటల్ మల్టీమీటర్ 9.4 చూపిస్తుంటే ఇది 10.3 దగ్గర నిలబడింది. ఓమ్స్ సరిగ్గానే ఉంది, ఏసీ కూడా బాగానే ఉంది. దాంతో కేబుల్ మీద అనుమానమే రాలేదు. ఇన్నేళ్ల మీటర్ కదా, లోపల రెసిస్టర్ల విలువలు మారి ఉంటాయనుకుని డీసీ కాలిబ్రేషన్ (రీడింగ్ సరిచేసే స్క్రూ) తిప్పి 9.4కి తెచ్చేశాను. అలాగే రెండు వారాలు వాడాను కూడా.

దొంగ దొరికింది ఒక రేడియో దగ్గర. స్టేషన్ పట్టుకోవడానికి రేడియో లోపలే సిగ్నల్ పుట్టించే లోకల్ ఆసిలేటర్ ఉంటుంది. దాని వాల్వు గ్రిడ్ (వాల్వును అదుపు చేసే కాలు) మీద ప్రోబ్ మొన పెట్టగానే ఆసిలేటర్ ఆగిపోయేది, తీస్తే మళ్లీ మొదలయ్యేది. వీటీవీఎం అలా చేయకూడదు. గ్రిడ్ దగ్గర కేబుల్ కెపాసిటెన్స్ సర్క్యూట్‌ను తాకకుండా ఉండాలనే కదా డీసీ ప్రోబ్ మొనలో 1 మెగాఓమ్ రెసిస్టర్ పెట్టేది! అప్పుడు గాని ప్రోబ్ మొన నుంచి ప్లగ్ మధ్య పిన్ దాకా కొలవాలన్న ఆలోచన రాలేదు. 1 మెగాఓమ్ రావాల్సిన చోట 0.3 ఓమ్స్. స్విచ్ ఎటు జరిపినా అంతే. పైన బిగిసిన ప్లాస్టిక్ తొడుగు (హీట్‌ష్రింక్) కోసి చూస్తే లోపల రెసిస్టర్ లేదు, స్విచ్ కాళ్లు రెండూ కలిపి ఒకే ముద్దగా టంకం పెట్టేశారు. స్విచ్ అలంకారానికన్నమాట.

లెక్క మొదటి రోజే నా కళ్లముందు ఉంది. చాలా వీటీవీఎంలలో డీసీ ఇన్‌పుట్ 11 మెగాఓమ్స్: మీటర్ లోపల 10, ప్రోబ్‌లో 1. ఆ ఒకటి తీసేస్తే రీడింగ్ సరిగ్గా పది శాతం ఎక్కువ వస్తుంది. 9.4కి పది శాతం కలిపితే 10.3. ఓమ్స్, ఏసీ కొలతల్లో ఆ రెసిస్టర్ ఎలాగూ దారిలో ఉండదు, కాబట్టి అవి బాగానే కనిపిస్తాయి. ఇంత తెలిసీ నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని మీటర్ మీద పడ్డాను.

రెండోది పాత స్కోపుకు 10ఎక్స్ ప్రోబ్ (సిగ్నల్‌ను పదో వంతుకు తగ్గించి పంపేది) కేబుల్. పాత మొనకు ఇది తగిలించి 1 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ పెడితే మూలలు గుండ్రంగా వచ్చాయి. ప్రోబ్‌లో దాన్ని సరిచేసే చిన్న కెపాసిటర్, ట్రిమ్మర్, చివరిదాకా తిప్పినా అంతే. వాళ్లు పంపింది మామూలు 50 ఓమ్స్ కోయాక్స్ (మధ్య తీగ చుట్టూ షీల్డు అల్లిన కేబుల్). అది మీటరుకు సుమారు 100 పికోఫారాడ్లు ఉంటుంది. 1.2 మీటర్ల కేబుల్‌కు 120, స్కోప్ ఇన్‌పుట్‌ది 20 అనుకుంటే మొత్తం 140. దాన్ని సరిదిద్దాలంటే మొనలో అందులో తొమ్మిదో వంతు, పదిహేను పైచిలుకు పికోఫారాడ్లు కావాలి. నా ట్రిమ్మర్‌కు అంత శక్తి లేదు. అసలు ప్రోబ్ కేబుల్లో మధ్య తీగ వెంట్రుకలా సన్నగా ఉంటుంది, అందుకే కెపాసిటెన్స్ చాలా తక్కువ. పైగా అది రాగి కాదు, రెసిస్టెన్స్ ఉన్న తీగ. వేగంగా మారే సిగ్నల్ కేబుల్లో అటూ ఇటూ తగిలి మోగకుండా కావాలనే అలా చేస్తారు. 1950ల చివర్లో టెక్ట్రానిక్స్ ఇంజనీర్లు పేటెంట్ తీసుకున్న ఉపాయం అది.

అమ్మినాయనకు ఇదంతా రాస్తే వచ్చిన జవాబు: "మీ పాత స్కోప్ కేబుల్ అరిగిపోయింది సార్, అందుకే రెండు వందల ఓమ్స్ చూపిస్తోంది. మాది జీరో ఓమ్స్, ఇంకా బెటర్." నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం నేనూ తలూపాను. వాపసు అడిగితే హీట్‌ష్రింక్ కోసేశారు కాబట్టి కుదరదన్నారు. కాబట్టి పార్సిల్ రాగానే కత్తి తీయకండి, మల్టీమీటర్ తీయండి. వీటీవీఎం ప్రోబ్ అయితే డీసీ వైపు 1 మెగాఓమ్, రెండో వైపు దాదాపు సున్నా రావాలి. స్కోప్ కేబుల్ అయితే మధ్య తీగ ఈ కొస నుంచి ఆ కొసకు వందల్లో ఓమ్స్ రావాలి. కొనకముందే ఈ రీడింగ్ ఫోటో అడగండి. పంపడానికి సణిగారంటే వదిలేయండి.

వీటీవీఎం ప్రోబ్ చివరికి నేనే చేసుకున్నాను. 499 కిలోఓమ్స్ ఒక శాతం రెసిస్టర్లు రెండు వరసగా మొనలోనే పెట్టాను. కేబుల్ లోపల ఎప్పుడైనా షీల్డుకు తగిలి షార్ట్ అయితే కొలుస్తున్న వోల్టేజ్ అంతా వాటి మీదే పడుతుంది, అందుకే ఒకటి కాకుండా రెండు. కాలిబ్రేషన్ మళ్లీ వెనక్కి తిప్పితే ముల్లు 9.4 మీద కుదురుకుంది.

స్కోప్ కేబుల్ మాత్రం కొత్తది కొనలేదు. పాతవి ఎక్కువగా ప్లగ్ మొదట్లోనే తెగుతాయి. నాదీ అంతే. నాలుగు అంగుళాలు కత్తిరించి ప్లగ్ మళ్లీ వేశాను. ఆ సన్న తీగ మామూలు టంకానికి అసలు అంటదు, ఓ సాయంత్రమంతా అది ఉండలు కట్టి జారిపోతుంటే చూస్తూ కూర్చున్నాను. చిన్న రాగి గొట్టంలో దూర్చి నొక్కేశాక పట్టింది. పొట్టి అయినందుకు ట్రిమ్మర్ కొంచెం తిప్పాల్సి వచ్చింది, మూలలు చక్కగా నిలబడ్డాయి.

నిన్న మళ్లీ వెళ్లి చూశాను. ఆ ప్రోబ్ ఇంకా అమ్మకానికి ఉంది, ఫోటోలో స్విచ్ 'డీసీ' వైపే ఉంది.