పొగ బండా, సెన్సరా, తొట్టి కడగడమా: మా నెల్లూరు దోమలకు ఏది మేలు?

అక్టోబరులో వానలు మొదలైతే మా ల్యాబుకు జ్వరం శాంపిళ్ళు పెరుగుతాయి. ఒకే వీధి నుంచి మూడు ఎన్ఎస్1 (తొలి రోజుల్లో డెంగ్యూను పట్టే రక్త పరీక్ష) పాజిటివ్‌లు వస్తే నాకు టెన్షన్ మొదలవుతుంది. అప్పుడు వీధిలోవాళ్ళు ముందు అడిగేది పొగ బండినే.

పొగ కళ్ళకు కనబడుతుంది, వాసన తెలుస్తుంది, ఏదో జరిగిందన్న ధైర్యం ఇస్తుంది. కానీ అది చంపేది ఎగిరే దోమలనే. నీళ్ళలో ఉన్న పురుగు (లార్వా) జోలికి పోదు. డెంగ్యూ దోమ ఏడిస్ మంచాల కింద, వేలాడే బట్టల వెనక దాక్కుంటుంది. మనమేమో బండి చప్పుడు వినగానే తలుపులు, కిటికీలు మూసేస్తాం. ఇక ఆ మందు దానికి తగిలేదెట్లా?

ఓ నవంబరులో ఆశా కార్యకర్తతో కలిసి అలాంటి వీధికే వెళ్ళాను. పొగ కొట్టి రెండు రోజులైంది. ఒక అక్క, "మొన్ననే కొట్టారు కదా అబ్బయా, ఇంకేం చూస్తావు?" అంది. ఫ్రిజ్ వెనక ట్రే లాగి టార్చి వేశాను. తలకిందులుగా వేలాడుతున్న పురుగులు వెలుతురు పడగానే మెలికలు తిరుగుతూ అడుగుకు పోయాయి. కొన్నిటిని సీసాలో తెచ్చి మైక్రోస్కోప్ కింద చూశాను. గాలి పీల్చే గొట్టం పొట్టిగా, లావుగా ఉంది. అది ఏడిస్ పురుగే. మురుగు కాలవల్లో పెరిగే క్యూలెక్స్‌కు ఆ గొట్టం సన్నగా, పొడుగ్గా ఉంటుంది.

ఆ తేడా తెలిస్తేనే ఏది మేలో తేలుతుంది. నెల్లూరులో రాత్రిపూట చెవి దగ్గర జుయ్యిమనేది ఎక్కువగా క్యూలెక్స్. దానికి మురుగు కాలవల పూడిక తీయాలి, లార్వా మందు చల్లాలి. వాయవ్యాన కనిగిరి, పొదిలి వైపు కథ వేరు. ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియక జనం డ్రమ్ముల్లో, తొట్లలో నీళ్ళు పట్టుకుంటారు. ఏడిస్‌కు కావలసింది అలాంటి నిలవ నీళ్ళే. నీళ్ళు పారబోయండని వాళ్ళకు చెప్పడం అన్యాయం. బిగుతు మూత, లేదంటే గుడ్డ కట్టడం, కుదరకపోతే మోతాదు చూసి పురుగును చంపే అబేట్ మందు వేయడం, ఇవే దారి.

ఇక కొత్త టెక్నాలజీ. 2025లో రాష్ట్ర ప్రభుత్వం ఏఐ దోమల సెన్సర్లు ప్రకటించింది. ఆరు నగరాల్లో 66 చోట్ల, అందులో నెల్లూరులో 7 చోట్ల. దోమ ఏ రకం, ఆడదా మగదా, ఎన్ని ఉన్నాయన్నది చూసి, ఎక్కువున్న చోటికే మందు పంపడం దీని ఉద్దేశం. వీధులన్నిటికీ ఒకే తీరున పొగ పెట్టడం కంటే ఇది వంద రెట్లు నయం. కాలవల మీద, చెరువు గట్ల మీద మందు చల్లే డ్రోన్ బాగా పనికొస్తుంది కూడా. అయితే ఫ్రిజ్ వెనక ట్రే డ్రోన్‌కు కనబడదు. దానికి మనిషే వంగి చూడాలి.

ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో దోమలో డెంగ్యూ వైరస్‌ను పెరగనివ్వని వోల్‌బాకియా బ్యాక్టీరియా ఉన్న దోమలను వదిలితే డెంగ్యూ 77 శాతం తగ్గింది. పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ కేంద్రం కూడా అలాంటి దోమలను తయారు చేసింది. నాకు దాని మీద ఆశ ఉంది, కానీ ఈ వానాకాలానికి అక్కరకొచ్చేది కాదు.

నన్నడిగితే మొదటి చోటు శుక్రవారం డ్రై డేకే, అంటే నీళ్ళు ఒంపేసి తొట్లు, ట్రేలు కడిగి ఎండబెట్టే రోజుకే. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి కడిగితే చాలావరకు తెగుతుంది. వట్టిగా ఒంపితే చాలదు. గుడ్లు నీటి అంచుకు కాస్త పైన గోడకు అతుక్కుని నెలల తరబడి ఎండినా బతుకుతాయి, పీచుతో రుద్దాలి. రెండో చోటు సెన్సర్‌కు ఇస్తాను. పొగ మాత్రం డెంగ్యూ కేసులు వచ్చిన ఇళ్ళ చుట్టూ, అదీ ఇంటి లోపల కూడా కొట్టేటట్టయితేనే.

సెన్సర్ లెక్కతో పాటు ల్యాబ్ లెక్క కూడా కలవాలని నా కోరిక. జ్వరం మొదలైన అయిదు రోజుల్లోపు ఎన్ఎస్1, ఆ తర్వాత ఐజీఎం (ఒంట్లో పుట్టే యాంటీబాడీల పరీక్ష), రెండూ ఎలైజా అనే ల్యాబ్ పద్ధతిలో చూసి, ఏ వీధిలో పాజిటివ్ వచ్చిందో ఆ సాయంత్రానికే మునిసిపాలిటీ మలేరియా సిబ్బందికి చేరాలి. సెన్సర్ దోమను చూపిస్తుంది, ఆ వీధిలో వైరస్ తిరుగుతోందని మా శాంపిల్ చెబుతుంది. ఆ అక్క ఇప్పుడు ప్రతి శుక్రవారం ట్రే ఎండబెట్టి ఆశా కార్యకర్తకు చూపిస్తోంది.