ఫ్రెంచ్ బేకరీనా, పఫ్‌ల బేకరీనా, మెస్ భోజనమా: ఏది మేలు?

విజయవాడ మొగల్రాజపురంలో మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో రెండు బేకరీలున్నాయి. ఒకటి నా చిన్నప్పటి నుంచీ ఉంది. గాజు బీరువాలో బల్బు వెలుగుతూ ఉంటుంది, దాని కింద ఎగ్ పఫ్‌లు, కర్రీ పఫ్‌లు, దిల్‌పసంద్. రెండోది ఫ్రెంచ్ బేకరీ, వచ్చి ఏడాదిన్నర అయింది. ఏసీ, చెక్క బల్లలు, వెన్న పొరల క్రోసాంట్లు, కర్రలా పొడవాటి బాగెట్ రొట్టెలు, మధ్యాహ్నమైతే భోజనం బదులు తినడానికి శాండ్‌విచ్‌లు, కీష్ అనే గుడ్ల వంటకం. ఇవి కాక రెండు వీధుల అవతల మేం ఎప్పుడూ తినే మెస్. ఆదివారం వస్తే ఎక్కడికి వెళ్లాలన్న చర్చ మా ఇంట్లో తప్పదు. ఇన్నాళ్లూ మూడుచోట్లా తిన్నాక నాకు తేలింది ఒకటే. ఏ గంటకి ఆకలేసిందో చూసుకుని బయల్దేరాలి.

మొదట పొద్దుటి సంగతి. “పఫ్, క్రోసాంట్ రెండూ పొరలపొరల మైదానే కదా. అక్కడ పాతికకి వచ్చేదానికి ఇక్కడ నూటనలభై ఎందుకే?” అని అమ్మ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. పఫ్ పిండిలో ఈస్ట్ ఉండదు. పిండి మధ్యలో కొవ్వు పరిచి, మడిచి, ఒత్తి, మళ్లీ మడుస్తారు. ఓవెన్లో పెట్టగానే పిండిలోని తడి ఆవిరై పొరల్ని విడదీస్తుంది. క్రోసాంట్‌కి ఈ మడతలూ ఉంటాయి, ఈస్టూ ఉంటుంది. మూడేసి మడతలు మూడుసార్లు వేస్తే 27 వెన్న పొరలవుతాయి. మడతకీ మడతకీ మధ్య పిండిని ఫ్రిజ్‌లో పెట్టి చల్లార్చాలి, ఆపైన పొంగనివ్వాలి. పొద్దున మన ప్లేట్లోకి రావాలంటే సాధారణంగా ముందురోజే పని మొదలుపెట్టాలి.

అసలు తేడా కొవ్వులో ఉంది. వెన్న 20 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది, 35 దగ్గరికొచ్చేసరికి కరిగిపోతుంది. ఎండాకాలంలో 45 డిగ్రీలు చూసే ఊళ్లో, ఏసీ లేని వంటగదిలో వెన్నతో పొరలు వేయబోతే అది పిండిలో కలిసిపోయి బన్నులా తయారవుతుంది. చాలా పఫ్‌ల బేకరీలు వనస్పతో, మార్జరినో వాడేది చవకని మాత్రమే కాదు, అది మన వేడిని తట్టుకుంటుంది కాబట్టి కూడా. కానీ బయట వేడికి కరగని కొవ్వు నోట్లో కూడా పూర్తిగా కరగదు. పఫ్ తిన్నాక అంగుడికి సన్నటి పూతలా అంటుకుంటుందే, అది అదే. వెన్న నాలుక మీద పడగానే కరుగుతుంది. గాంధీనగర్ బాబాయ్ హోటల్లో వేడి ఇడ్లీ మీద వెన్నముద్ద జారడం చూసిన వాళ్లకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

మంచి క్రోసాంట్‌ని అడ్డంగా కోస్తే లోపల తేనెపట్టులాంటి గదులు కనిపిస్తాయి. పైపొర గోటితో తాకితే చిట్లుతుంది, లోపలిది లాగితే చుట్టలు చుట్టలుగా ఊడి వస్తుంది. కోసినప్పుడు లోపల ముద్దగా, మూసుకుపోయి ఉంటే వెన్న కరిగిపోయిందన్నా అనుకోవాలి, పిండి సరిగా పొంగలేదన్నా అనుకోవాలి. ఆ రుచి కూడా ఓవెన్లోంచి తీశాక నాలుగైదు గంటలే ఉంటుంది. మధ్యాహ్నం రెండింటికి అదే క్రోసాంట్ మెత్తబడి తోలులా సాగుతుంది. “మేడమ్, పదిలోపు రండి, ట్రే అప్పుడే బయటికొస్తుంది” అని కౌంటర్ దగ్గరి కుర్రాడు నాకు మొదటిసారే చెప్పాడు. ఆ ఒక్క మాటకే ఆ బేకరీ మీద నాకు గౌరవం కలిగింది.

సాయంత్రం నాలుగున్నరకి మాత్రం నా ఓటు పఫ్‌కే. అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి పడ్డ ఉల్లిపాయ కూర, అందులో సగం కోడిగుడ్డు, చేతిలో నూనె మరకల కాగితం, పక్కన టీ. ఆ ఆకలికి క్రోసాంట్ ఆనదు.

బందరులో ఫ్రెంచిపేట ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలోనే ఉంది. అయినా మా వంశంలో బాగెట్ కొరికి చూసిన మొదటి మనిషిని నేనే. అందుకే ఆ బేకరీ నిలబడాలని నాకు మనస్ఫూర్తిగా ఉంది.

ఇక మధ్యాహ్న భోజనం. ఇక్కడ మాత్రం ఆ బేకరీ పక్షాన మాట్లాడలేను. కీష్ అంటే మైదా, వెన్న కలిపి చేసిన పెళుసైన గిన్నెలో గుడ్లు, క్రీమ్, చీజ్ పోసి బేక్ చేసేది. ఫ్రాన్స్‌లో దాన్ని పచ్చి ఆకుకూరల సలాడ్‌తో తింటారు. తాజాగా గోరువెచ్చగా ఉంటే బాగుంటుంది, కాదనను. అక్కడ ఓసారి మధ్యాహ్నం రెండింటికి అడిగితే మైక్రోవేవ్‌లో పెట్టి తెచ్చారు. అడుగు తడిసి చెంచాకి జావలా వచ్చింది, 280 రూపాయలయ్యాయి. అదే డబ్బుతో మెస్‌లో ఇద్దరం ముద్దపప్పు, గోంగూర, వేపుడు, సాంబారు, గడ్డ పెరుగు తిని లేస్తాం. అన్నం తిన్న తృప్తి కోసం వెళ్లేవాళ్లు నేరుగా మెస్‌కే వెళ్లండి.

అమ్మలాంటి వాళ్లతో వెళ్తే ఇంకో జాగ్రత్త. అమ్మ గుడ్డు తినదు. కీష్‌లో గుడ్డే ప్రధానం. క్రోసాంట్ పైన మెరుపు కోసం తరచూ గుడ్డే పూస్తారు. గాజు బీరువాలో ముచ్చటగా కనిపించే, నురగలాంటి క్రీమ్ ఉన్న మూస్ పేస్ట్రీల్లో జెలటిన్ ఉండొచ్చు, అది జంతువుల నుంచి తీసేది. ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూసి, అడిగి కొనండి. అడిగితే చిన్నతనమేమీ లేదు.

మధ్యాహ్నం అక్కడ నేను మెచ్చేది బాగెట్ ఒక్కటే. ఫ్రాన్స్‌లో 1993 నాటి ఆదేశం ప్రకారం సంప్రదాయ రొట్టె అన్న పేరు పెట్టాలంటే ప్రధానంగా పిండి, నీళ్లు, ఉప్పు, పులియబెట్టడానికి ఈస్టో పులిసిన పిండో ఉండాలి, ఫ్రీజ్ చేయకూడదు. బాగెట్ చేసే విద్యకి 2022లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. పంచదార, కొవ్వు లేని రొట్టె కాబట్టి సాయంత్రానికల్లా గట్టిపడుతుంది. పన్నెండింటికి కొని, ఇంటికి తెచ్చి, నిలువునా చీల్చి, వెన్న రాసి, కందిపొడి చల్లి తినండి. మొదటిసారి అలా చేసినప్పుడు అమ్మ రెండో ముక్క అడిగి మరీ తీసుకుంది. ఆ రోజు మా భోజనం అదే, పైన మజ్జిగ.

క్రోసాంట్ ఇంటికి తెస్తే మైక్రోవేవ్ జోలికి వెళ్లొద్దు. ఓవెన్ ఉంటే 160 డిగ్రీల దగ్గర అయిదు నిమిషాలు చాలు. లేదంటే మందపాటి పెనం మీద సన్నసెగన మూతపెట్టండి, చివర్లో మూత తీసేయండి, పైపొర మళ్లీ కరకరలాడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం స్కూటర్ డిక్కీలో పెట్టకండి. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగి ఇంటికొచ్చి తీస్తే నా డబ్బా అడుగున వెన్న మడుగు కట్టింది. అప్పటి నుంచి హ్యాండిల్‌కి తగిలించుకుని వస్తున్నాను.