వెల్లుల్లి, నేలవేము సారం: చేప మేత తింటున్నప్పుడే పనికొచ్చే మందు

ఆకివీడు దగ్గర మా శీలావతి, బొచ్చె చెరువులో ఈ చలికాలం రెడ్ డిసీజ్ మొదలైంది. పొట్ట కింద ఎర్ర మచ్చలు, రెక్కల మొదట్లో రక్తపు చారలు, ఒకటీ అరా చేపకి పొలుసులు లేచాయి. ఆక్వా షాపులో వెల్లుల్లి, నేలవేము, పసుపు సారాలు కలిపిన లిక్విడ్ ఇచ్చారు. లీటరు 850 రూపాయలు. కిలో మేతకి 10 మిల్లీలీటర్లు కలపమన్నారు, అంటే టన్ను మేతకి 8,500. చిన్న ఖర్చేం కాదు.

వారం తిరిగేసరికి చావులు తగ్గాయి, వల వేసి చూస్తే కొత్త మచ్చలు లేవు. కానీ ఆ వారమే కొత్త నీరు పెట్టాం, మేత తగ్గించాం, రాత్రంతా ఏరేటర్లు తిప్పాం. ఈ జబ్బు తెచ్చే ఏరోమోనాస్ బ్యాక్టీరియా చెరువులో ఎప్పుడూ ఉండేదే. నీరు పాడై, ఆక్సిజన్ పడిపోయి చేప నీరసించినప్పుడు మీద పడుతుంది. అందుకే ఫలితమంతా డబ్బాదే అనను.

మా బావగారి చెరువులో ఇదే మందు ఏమీ చేయలేదు. అప్పటికే చేపలు మేత మానేశాయి. తినని చేప కడుపులోకి మందు ఎలా వెళ్తుంది? అలాంటప్పుడు చచ్చినవి కాకుండా, జబ్బుతో ఇంకా బతికున్న చేపల్ని ఆక్సిజన్ కవర్లో ల్యాబ్‌కి తీసుకెళ్ళండి.

కలిపే పద్ధతి కూడా చూసుకోవాలి. మన దగ్గర తవుడు చిల్లుల సంచుల్లో పోసి కర్రలకి కడతాం కదా, అందులో కలిపితే సగం మందు నీటిపాలే. తేలే మేత మీద చల్లి, మందు అంటుకుని ఉండేలా జెల్ పట్టించి, నీడలో ఆరబెట్టి వేశాకే నాకు తేడా తెలిసింది.

నాకు నచ్చనిది లేబుల్. సారం ఎంత శాతమో ఎక్కడా లేదు. వెల్లుల్లిలో పనిచేసే అల్లిసిన్ పచ్చి రెబ్బ నలిగినప్పుడు పుడుతుంది, నిలవుంటే తగ్గిపోతుంది. రెండోసారి తెచ్చిన డబ్బాలో ఆ ఘాటే లేదు. మూలిక పేరు రాస్తే చాలదు, మోతాదు, తయారైన తేదీ స్పష్టంగా వేయాలి. మందుతోపాటు చెరువులో వేపనూనె కూడా పోయమన్నారు, నేను ఒప్పుకోలేదు. మోతాదు మించితే వేప చేపకి విషమే.

ఇన్ని లోపాలున్నా ఈ దారి మంచిదనే నా నమ్మకం. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు చేపలకి వాడటం నిషేధం. మిగతా యాంటీబయాటిక్స్ పరీక్ష లేకుండా పోసి పోసి బ్యాక్టీరియాకే అలవాటు చేస్తున్నాం. మన చేప ఐస్ పెట్టెల్లో బెంగాల్, అస్సాం దాకా వెళ్తోంది. అక్కడ తినే పిల్లల కంచంలోకి మన మందు చేరకూడదు.

వచ్చే సీజన్‌లో చలి ముదరకముందే, మేత బాగా తింటున్నప్పుడే ఇది మొదలుపెడతాను. 5కి 3 మార్కులు ఇస్తున్నాను. శాతం రాసిన డబ్బా ఏ కంపెనీ తెచ్చినా ముందు దాన్నే కొంటాను.