నిద్రలో పళ్ళు కొరికే అలవాటుకు చేయించుకున్న స్ప్లింట్ (పళ్ళకు తొడుక్కునే పలక): ఎనిమిది నెలల అనుభవం

నిద్రలో పళ్ళు కొరుకుతానని, గురక కూడా పెడతానని ఇంట్లో ఎన్నాళ్ళుగా చెబుతున్నా, ఉదయం లేవగానే కణతలు లాగడం, దవడ బిగుసుకుపోవడం మొదలయ్యాకగాని నేను దంతవైద్యుల దగ్గరకు వెళ్ళలేదు. కడుపులో నులిపురుగులుంటే పళ్ళు కొరుకుతారని మా అమ్మగారు ఇప్పటికీ అంటారు. అద్దంలో చూస్తే నా కోరపళ్ళ మొనలు చదునుగా అరిగి, లోపలి పసుపు పొర బయటపడి ఉంది.

మొదట వెళ్ళిన క్లినిక్ పేరు రాయడం లేదు. అక్కడ అచ్చులు తీయకుండానే, వేడినీటిలో మెత్తబరిచి కొరికించే గార్డ్ ఇచ్చి, గురక కూడా దీనితోనే తగ్గుతుందన్నారు. రెండు నెలల్లో అది దవడపళ్ళ దగ్గర చిరిగిపోయింది, గురక ఏమాత్రం తగ్గలేదు.

విశాఖ ద్వారకానగర్‌లో తర్వాత చూపించుకున్న వైద్యురాలు ముందుగా నిద్ర పరీక్ష చేయించుకు రమ్మన్నారు. గురకకు వాడే పరికరం కింది దవడను ముందుకు జరిపి గాలిదారిని తెరుస్తుందని, పళ్ళ అరుగుదలను ఆపే పలక ఆ పని చేయదని, నిద్రలో శ్వాస ఆగే జబ్బు ఉన్న కొందరికి ఈ పలక వల్ల అది ముదిరే అవకాశం కూడా ఉందని ఆమె ఓపికగా వివరించారు. శ్వాస గంటకు ఐదు సార్లలోపు ఆగితే జబ్బుగా లెక్కించరు, నాకు అంతకన్నా తక్కువే వచ్చింది. ఆ తర్వాతే రెండు వరుసలకూ అచ్చులు తీసి, పై పళ్ళకు గట్టి అక్రిలిక్ స్ప్లింట్ చేయించారు.

దాన్ని అమర్చిన రోజున ఆమె చూపిన శ్రద్ధ నాకెంతో నచ్చింది. పళ్ళ మధ్య నీలిరంగు కాగితం పెట్టి కొరికిస్తూ, మరక ముదురుగా పడిన చోటల్లా కొద్దికొద్దిగా అరగదీస్తూ, రెండు వైపులా సమానంగా పడేదాకా 40 నిమిషాలు కూర్చున్నారు. ఇది అలవాటును మాన్పించదని, అరుగుదలను మాత్రం తన మీదకు తీసుకుంటుందని ముందే చెప్పారు. ఇప్పుడు గీతలన్నీ పలక మీదే పడుతున్నాయి, కణతల నొప్పి చాలావరకు పోయింది. గురక మాత్రం పక్కకు తిరిగి పడుకున్న రాత్రులే తగ్గుతోంది.

మొదటి పది రోజులు నోట్లో లాలాజలం ఎక్కువగా ఊరింది. సాయంత్రం వేళల్లో క్లినిక్‌లో గంటసేపు కూర్చోవలసి రావడం ఒక్కటే ఇబ్బంది. పలకను చన్నీళ్ళతో, మెత్తని బ్రష్‌తో కడగాలి. వేడినీరు తగిలితే, మన విశాఖ ఎండలో కారులో వదిలేస్తే అది వంగిపోతుంది.